పాలమూరు వేదికపాట

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల గాయకులు జనం ఎదుట, జనం వంత కలుపుతుండగా పాడే పాట పాలమూరు వేదికపాట. అలా పాడుతున్నప్పుడే రికార్డయిన కాసెట్లు, టీవీ ప్రసారాలు, సెల్‌ఫోన్ వీడియోలు కూడా ఈ వ్యాసం పరిధిలోకి వస్తాయి. ఈ మూడు జిల్లాలూ 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి విడివడ్డాయి. జనం నోట మాత్రం అంతా ఇప్పటికీ పాలమూరే. దర్శనం మొగులయ్య, గోరటి వెంకన్న, సాయిచంద్ ఈ నేల నుంచి తెలుగువాళ్లందరికీ చేరిన ముగ్గురు గాయకులు. ముగ్గురి దారులూ వేరు. ఒకరు వంశపారంపర్యంగా కథ పాడే కిన్నెర కళాకారుడు, ఒకరు తన పాట తానే రాసుకునే కవి, మరొకరు ఉద్యమ సభల గొంతు. అయితే ముగ్గురి పాటా స్టూడియోలో కన్నా సభలోనే నిండుగా వినిపిస్తుంది. ఆ సభల రికార్డులు ఒక్కచోట లేకపోవడం ఈ సంప్రదాయానికి ఉన్న పెద్ద లోటు.

నేల, సంస్థానాలు, జాతరలు

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల, అలంపురం ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. కృష్ణకు ఉత్తరాన వనపర్తి, కొల్లాపురం. ఇంకా తూర్పుకు పోతే అచ్చంపేట, లింగాల, అమ్రాబాదు మీదుగా నల్లమల అడవి మొదలవుతుంది. నిజాం పాలనలో ఈ ప్రాంతంలో గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత, గోపాలపేట సంస్థానాలు ఉండేవి. గద్వాల ప్రభువులు పండితులను ఆదరించినందువల్ల ఆ ఊరికి విద్వద్గద్వాల అన్న పేరు వచ్చింది. ఆస్థానంలో పద్యానికీ శాస్త్రానికీ దక్కిన మర్యాద కోట బయటి పాటకు దక్కలేదు. కానీ గద్వాల కోట కట్టించిన సోమనాద్రిని జనం గుర్తులో నిలిపింది కోట బయటి పాటే. నిడుదూరు యుద్ధంలో ఆయన పరాక్రమాన్ని చెప్పే వీరగాథను పాలమూరు జానపద గాయకులు పాడుతూ వచ్చారు. ఆస్థానకవుల కృతులు చదివినవాళ్లు కొద్దిమంది, సోమనాద్రి కథ విన్నవాళ్లు ఊళ్లకు ఊళ్లు.

పాటకు వేదిక అంటే ఇక్కడ మొదటి నుంచీ మైకు, పందిరి కాదు. లింగాల మండలంలోని సలేశ్వరం లోయలో చైత్ర పౌర్ణమికి జరిగే జాతర ఒక వేదిక. మల్దకల్ తిమ్మప్ప జాతర ఒక వేదిక. గుడి ముందు రాత్రంతా సాగే భజన, ఏక్‌తార మీద తత్వాలు, ఊరి నడుమ యక్షగానం కూడా వేదికలే. వీటన్నిటిలో ఒక లక్షణం ఉమ్మడిగా ఉంది. పాడేవాళ్లకూ వినేవాళ్లకూ నడుమ గీత ఉండదు. వంత పట్టేవాళ్లు జనంలోంచే వస్తారు. ఎంతసేపు పాడాలన్నది వినేవాళ్ల ఓపికను బట్టి తేలుతుంది.

పాలమూరు కూలీల వలస గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. కరువు నేల నుంచి మేస్త్రీల వెంట దేశం నలుమూలలకూ పోయి ఆనకట్టలు, కాలువలు, రోడ్లు కట్టినవాళ్లు ఈ జిల్లాల వాళ్లు. ఇంటికి దూరమైన మనిషి బాధ, ఎండిన వాగు, బీడు పడ్డ పొలం తరువాతి కాలంలో ఇక్కడి వేదికపాటకు ప్రధాన వస్తువులు అయ్యాయి. తెలంగాణ ఉద్యమ సభల్లో పాలమూరు పాటకు వచ్చిన బలం చాలావరకు ఈ అనుభవం నుంచి వచ్చిందే.

కిన్నెర, మొగులయ్య

నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలం అవుసలికుంట దర్శనం మొగులయ్య ఊరు. ఆయనది డక్కలి కులం. డక్కలివాళ్లు మాదిగలకు ఆశ్రిత కులం. మాదిగల కులపురాణమైన జాంబపురాణం చెప్పడం, కిన్నెర మీద కథలు పాడడం వాళ్ల వృత్తి. కిన్నెర తెలుగు నేలకు కొత్తది కాదు. పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దంలో రాసిన బసవపురాణంలో కిన్నర బ్రహ్మయ్య అనే శివభక్తుడి కథ ఉంది. కిన్నెర వాయించి శివుణ్ణి కొలవడం అతని వ్రతం. రాజాస్థానాల్లో వీణ నిలబడింది, కిన్నెర ఊరి చివరి గుడిసెల్లో మిగిలింది.

మొగులయ్య వాయించేది పన్నెండు మెట్ల కిన్నెర. దాన్ని దగ్గర నుంచి చూస్తే అడవీ పొలమూ కలిసి చేసిన వాద్యమని తెలుస్తుంది. పొడవాటి వెదురు బొంగు దండి. దాని కింద ఎండబెట్టి తొలిచిన సొరకాయ బుర్రలు, ధ్వనిని పెంచేవి అవే. దండి మీద వరుసగా మెట్లు, వాటిని నిలిపి ఉంచేది తేనె మైనం. పూర్వం మెట్లకు అలుగు పెంకులు, తీగలకు వెంట్రుకలు, జంతువుల నరాలు వాడేవాళ్లు. అప్పట్లో కర్మాగారంలో తయారైన వస్తువు ఒక్కటీ అక్కర్లేకపోయేది. గాయకుడు దాన్ని భుజానికి ఆనించుకుని నిలబడి, తన గొంతుతో అన్న మాటను వెంటనే తీగ మీద పలికిస్తాడు. కథలో ఒక వాక్యం గొంతు చెబితే అదే వాక్యాన్ని కిన్నెర మళ్లీ చెబుతుంది. వంతగాళ్లు లేని చోట వంత కిన్నెరదే.

ఆయన పాడే కథలు ఎక్కువగా పాలమూరు వీరులవి. కలిగినవాళ్లను దోచి లేనివాళ్లకు పంచిన పండుగ సాయన్న, మియాసాబు, ఎండబెట్ల ఫకీరయ్య కథలు అందులో ముఖ్యమైనవి. ఇవి రాజుల చరిత్రలు కావు. పాలకుల కాగితాల్లో దొంగలుగా నమోదయ్యే మనుషులు జనం పాటలో వీరులయ్యారు. పాలమూరు సామాజిక చరిత్ర రాసేవాళ్లకు ఈ కథలు శాసనాల పక్కన పెట్టదగిన ఆధారాలు.

తెలంగాణ ప్రభుత్వం మొగులయ్యకు 2015లో ఉగాది పురస్కారం ఇచ్చింది. ఎనిమిదో తరగతి పాఠ్యపుస్తకంలో ఆయన గురించి చేర్చింది. భీమ్లా నాయక్ సినిమా టైటిల్ పాట 2021 సెప్టెంబరు 2న విడుదలైంది. అది ఆయన గొంతుతో, కిన్నెరతో మొదలవుతుంది. సంగీతం తమన్‌ది. ఆ పాటతో అవుసలికుంట కిన్నెర రాష్ట్రాలు దాటింది. మరుసటి ఏడాది కేంద్రం పద్మశ్రీ ప్రకటించింది, రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయల సాయం, ఇంటి స్థలం ప్రకటించింది. 2024లో ఆయన హైదరాబాదు శివార్లలో నిర్మాణ పనిలో కూలికి పోతున్నారన్న వార్త, వీడియోతో సహా వచ్చింది. పద్మశ్రీ పొందిన కళాకారుడు బతుకుతెరువుకు ఇటుకల పని చూసుకోవలసి రావడం మన సమాజానికి సిగ్గుచేటు. పురస్కారం ఒక రోజు పండుగ. కళాకారుడికి కావలసింది నెలనెలా పాట మీద వచ్చే రాబడి.

సినిమా పాటలో మొగులయ్య వినిపించేది ఆరంభంలో కొద్దిసేపే. ఆ కొద్దిసేపు విన్న కోట్లమందిలో సాయన్న కథ మొదటి నుంచి చివరి దాకా విన్నవాళ్లు ఎందరో ఊహించుకోవచ్చు. స్టూడియో ఆయన గొంతులోని మట్టిని పట్టుకుంది. కథను పట్టుకోవడానికి స్టూడియో సరిపోదు. గంటల కొద్దీ సాగే కథాగానాన్ని, వినేవాళ్ల ఊకొట్టుతో సహా, ఊళ్లోనే రికార్డు చేయాలి.

గోరటి వెంకన్న

నాగర్‌కర్నూలు జిల్లా తెలకపల్లి మండలం గౌరారంలో 1963లో పుట్టిన గోరటి వెంకన్నకు పాట ఇంట్లోనే దొరికింది. తండ్రి యక్షగాన కళాకారుడు. తెలుగులో ఎం.ఏ. చేసి సహకార శాఖలో ఉద్యోగం చేస్తూ పాటలు రాశారు, పాడారు. ఏకునాదం మోత, రేల పూతలు, అల సెంద్రవంక, వల్లంకి తాళం ఆయన పాటల సంపుటాల్లో కొన్ని. వల్లంకి తాళానికి 2021 కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. తెలుగులో ఆ పురస్కారం మొట్టమొదట, 1955లో, ఆంధ్రుల సాంఘిక చరిత్రకు దక్కింది. దాని రచయిత సురవరం ప్రతాపరెడ్డి గద్వాల సంస్థానంలో పుట్టినవారు. జనం ఆటపాటలను కూడా చరిత్రకు ఆధారంగా తీసుకున్న పుస్తకానికీ, జనం పాటనే కవిత్వంగా నిలబెట్టిన పుస్తకానికీ ఒకే పాలమూరు నుంచి ఆ గౌరవం రావడం ఈ నేల సాహిత్య చరిత్రలో ప్రత్యేకంగా గుర్తించదగ్గ విషయం. 2020 నవంబరులో వెంకన్న గవర్నర్ కోటాలో శాసన మండలికి నియమితులయ్యారు.

ప్రపంచీకరణ దెబ్బకు కులవృత్తులు కూలి పల్లె ఏడుస్తున్న తీరును చెప్పిన ఆయన పాట 2002లో కుబుసం సినిమాలోకి వెళ్లి ఇంటింటికీ చేరింది. నాగర్‌కర్నూలు ప్రాంతం మీదుగా పారి కృష్ణలో కలిసే దుందుభి వాగు ఎండిపోవడం మీద ఆయన రాసిన పాట కూడా అంతే పేరున్నది. ఇవి పుస్తకంలో చదివితే మంచి కవితలు. వేదిక మీద ఆయన పాడితే అవి వేరే రూపంలోకి వెళతాయి.

వెంకన్న నిలబడి పాడరు. అడుగు వేస్తూ, ఒంగుతూ, ఎగురుతూ, చేత్తో గాలిలో పిట్టను చూపిస్తూ పాడతారు. వాద్యాలు లేకపోయినా కాలి దరువుతో లయ నిలబడుతుంది. మొదట సాకీ ఉంటుంది, తాళానికి కట్టుబడకుండా గొంతెత్తి తీసే ఆలాపన లాంటి పంక్తి. జనం సద్దుమణిగేదాకా దాన్ని సాగదీయవచ్చు. తరువాత పల్లవి, దాన్ని వంతగాళ్లు అందుకుంటారు. చరణం చరణానికీ నడుమ మాట ఉంటుంది: ఒక జ్ఞాపకం, ఒక చెట్టు ముచ్చట, ఒక సామెత. ఆ మాటలోంచే మళ్లీ పాటలోకి జారతారు. అచ్చులో పది చరణాలున్న పాట ఒక సభలో ఆరు చరణాలకే ముగుస్తుంది, మరో సభలో జనం వదలక ముప్పావు గంట సాగుతుంది. అందుకే వెంకన్న పాటకు అచ్చయిన ప్రతి ఒక ఆధారం మాత్రమే. సరైన పాఠం ఏదని అడిగితే, ఫలానా ఊరి సభలో ఫలానా రాత్రి పాడిన పాఠం అని చెప్పాలి. ఆ వివరాలు రాసి పెట్టిన రికార్డులు మనకు ఎన్ని ఉన్నాయి?

ధూంధాం, సాయిచంద్

2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం అనే ఉద్యమ పాటల కార్యక్రమం తెలంగాణ వేదికపాటకు కొత్త రూపం ఇచ్చింది. రసమయి బాలకిషన్ నాయకత్వంలో సాగిన ఈ కార్యక్రమాల్లో ఉపన్యాసం తగ్గింది, పాట పెరిగింది. డప్పు, డోలక్, గజ్జెలు, గొంగడి వేదిక మీదికి వచ్చాయి. అంతకుముందు విప్లవ పాటల బృందం జననాట్యమండలి, దాని గాయకుడు గద్దర్ తీర్చిన వరుస ఇది: ఒక ప్రధాన గాయకుడు, వెనక కోరస్, మధ్యలో మాట, పాటతో పాటు అడుగు. పాలమూరు గాయకులు ఈ వరుసలోకి సులభంగా ఇమిడిపోయారు, ఎందుకంటే యక్షగానం, భజన వాళ్లకు దీన్ని ముందే నేర్పాయి. తెలంగాణ వచ్చాక ప్రభుత్వం సాంస్కృతిక సారథి పేరుతో 550 మంది కళాకారులను ఉద్యోగాల్లోకి తీసుకుంది. పాటగాడికి జీతం రావడం మంచి మార్పు. ప్రభుత్వ పథకాల పాటలు ఎక్కువై నిలదీసే పాట తగ్గిందన్న విమర్శ కూడా ఉంది, దాన్ని తోసిపుచ్చలేం.

వనపర్తి జిల్లా అమరచింతలో 1984లో పుట్టిన సాయిచంద్ ఈ తరం గాయకుల్లో ప్రత్యేకమైన గొంతు. ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చే పాట మిట్టపల్లి సురేందర్ రాసినది. రాతిలో కొలువున్న శివుణ్ణి నిలదీస్తూ, తెలంగాణ కోసం ప్రాణాలిచ్చిన పిల్లల తల్లిదండ్రుల దుఃఖాన్ని చెప్పే పాట అది. లక్షల మంది ఉన్న బహిరంగ సభల్లో నాయకుల ప్రసంగాలకు ముందు సాయిచంద్ ఈ పాట పాడేవారు. గొంతులో జీర, పైస్థాయికి వెళ్లి అక్కడే ఆపి నిలపగలిగే ఊపిరి, మాటకూ పాటకూ నడుమ తెగని ధార ఆయన బలాలు. పాట మధ్యలో ఆయన ఆగితే మైదానం కూడా ఆగేది. జనమే కాక వేదిక మీది నాయకులు కూడా కళ్లు తుడుచుకున్న దృశ్యాలు వీడియోల్లో ఉన్నాయి. 2021 డిసెంబరులో రాష్ట్ర గిడ్డంగుల సంస్థ చైర్మన్‌గా నియమితులైన ఆయన 2023 జూన్ 29న గుండెపోటుతో, నలభై ఏళ్లు నిండకుండానే చనిపోయారు.

మొగులయ్య పాటను, వెంకన్న పాటను ఇంకా వాళ్ల నోటనే రికార్డు చేసుకునే అవకాశం ఉంది. సాయిచంద్ విషయంలో ఆ అవకాశం పోయింది. మిగిలినవి ఆయా సభల రికార్డులే. వాటిలో చాలావాటి కింద తేదీ ఉండదు, ఊరు ఉండదు, రాసినవాళ్ల పేరు ఉండదు. వెనక కోరస్ పట్టినవాళ్లు, డోలక్ వాయించినవాళ్లు ఎవరో తెలియదు.

సల్సాతో పోలిక

వేదికపాటను వేదిక మీదే రికార్డు చేసి ఆల్బంగా భద్రపరచడంలో ప్రపంచానికి పాఠం చెప్పిన సంగీతాల్లో సల్సా ఒకటి. క్యూబా, ప్యూర్టోరికో నుంచి వలసపోయినవాళ్లు న్యూయార్కు వీధుల్లో పెంచిన సంగీతం ఇది. సల్సా పాట రెండో భాగంలో కోరస్ ఒక చిన్న పంక్తిని పదేపదే పాడుతుంది. ఆ పంక్తుల నడుమ ప్రధాన గాయకుడు అప్పటికప్పుడు మాటలు అల్లి పాడతాడు. అలా అల్లగలిగినవాణ్ణి సోనెరో అంటారు. ఎంత గొప్ప గొంతున్నా అల్లడం రాకపోతే ఆ పేరు రాదు. సభలోని మనుషుల పేర్లు, ఊరి పేరు, ఆ రోజు సంగతి పాటలోకి వచ్చేస్తాయి. మన వంత, మన చరణాల నడిమి మాట చేసే పని ఇదే. వలసపోయిన శ్రామికుల నోట పెరగడం కూడా రెండింటికీ సమానం.

1971 ఆగస్టు 26న న్యూయార్కులోని చీతా క్లబ్బులో ఫానియా ఆల్ స్టార్స్ అనే సల్సా బృందం ఇచ్చిన కచేరీని అక్కడికక్కడే రికార్డు చేసి రెండు భాగాల ఆల్బంగా విడుదల చేశారు, సినిమా కూడా తీశారు. 1973 ఆగస్టు 24న అదే బృందం యాంకీ స్టేడియంలో వేల మంది ముందు పాడుతుండగా జనం మైదానంలోకి దూసుకొచ్చి కచేరీ ఆగిపోయింది. యాంకీ స్టేడియం పేరుతో 1975లో వచ్చిన ఆల్బంలో ప్యూర్టోరికో కచేరీ రికార్డింగు కూడా కలిసి ఉంది. ఆ ఆల్బంను అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం భద్రపరచవలసిన జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చింది. జన సంగీతపు కచేరీ రికార్డును ఒక దేశం తన చరిత్ర పత్రంగా గుర్తించింది.

సల్సా రాణిగా పేరున్న సీలియా క్రూజ్ 1925లో హవానాలో పుట్టి, 1960లో క్యూబా విడిచి, 2003లో చనిపోయేదాకా వేదిక మీదే బతికారు. 1999లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో మిత్ర గాయకులతో కలిసి ఆమె పాడిన రాత్రి కచేరీ ఆల్బంగా వచ్చి, 2000లో మొదటిసారి ఇచ్చిన లాటిన్ గ్రామీల్లో సల్సా విభాగపు అవార్డు పొందింది. అప్పటికి ఆమెకు డెబ్భై దాటాయి. స్టూడియోలో ఎన్నోసార్లు పాడిన పాటలే మళ్లీ సభలో పాడినా అది కొత్త ఆల్బం అయింది, ఎందుకంటే ఆ రాత్రి ఆ జనం ఎదుట ఆమె ఏం అల్లారన్నదే అక్కడ సరుకు. సాయిచంద్ ఒకే పాటను వేర్వేరు సభల్లో పాడిన వీడియోలు వింటే మనకూ ఆ తేడా చెవికి అందుతుంది. కాని మనం వాటిని పాత వీడియోలంటున్నాం, ఆల్బంలు అనడం లేదు.

రికార్డుల స్థితి

పాలమూరు వేదికపాట మూడు దశల్లో రికార్డయింది. కాసెట్ల కాలంలో సభలో ఎవరో టేపు రికార్డర్ పెట్టి పట్టుకున్న పాటలు చేతులు మారి నకళ్ల మీద నకళ్లుగా తిరిగాయి. టీవీ చానెళ్లు వచ్చాక ఉద్యమ సభల ప్రసారాలు పెరిగాయి. ఇప్పుడు ప్రతి సభనూ వందల సెల్‌ఫోన్లు పట్టుకుంటున్నాయి. రికార్డులు పెరిగిన కొద్దీ వివరాలు తగ్గిపోవడం విచారకరం. కాసెట్ అట్ట మీద కనీసం రచయిత పేరు ఉండేది. యూట్యూబు వీడియో కింద చాలాసార్లు అదీ ఉండదు. పాట రాసినవాళ్లకు, వంత పట్టినవాళ్లకు, వాద్యం వాయించినవాళ్లకు ఇది అన్యాయం. రేపు పరిశోధన చేసేవాళ్లకు కూడా చేతికి ఆధారం లేకుండా పోతుంది. కాసెట్ టేపుకు ఆయుష్షు ఎక్కువ ఉండదు. తేమకు బూజు పడుతుంది, అయస్కాంత పూత రాలుతుంది.

చేయవలసిన పనికి సంస్థలు లేకపోలేదు. హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయానికి ఇప్పుడు సురవరం ప్రతాపరెడ్డి పేరుంది, దాని జానపద గిరిజన విజ్ఞాన పీఠం వరంగల్‌లో ఉంది. 2008లో ఏర్పడిన పాలమూరు విశ్వవిద్యాలయం ఈ మూడు జిల్లాల విద్యార్థులది కూడా. రాష్ట్ర భాషా సాంస్కృతిక శాఖ ఉంది. మొగులయ్య కథలను ఊళ్లోనే, పూర్తి నిడివితో రికార్డు చేయడం, వెంకన్న సభాగానాలను తేదీలతో సేకరించడం, సాయిచంద్ పాడిన సభల రికార్డులను చానెళ్ల నుంచి, ఫోన్ల నుంచి తెచ్చి ఒక ఆల్బంగా కూర్చడం వీళ్లు కలిసి చేయగలిగిన పనులే. ఆ ఆల్బం మీద వచ్చే రాబడిలో కళాకారులకు, వాళ్ల కుటుంబాలకు, పాట రాసినవాళ్లకు వాటా ఉండాలి.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ఊళ్లలో పాత కాసెట్లు, సభల వీడియోలు దాచుకున్నవాళ్లు వాటిని పారేయవద్దు. ఏ ఊరు, ఏ సంవత్సరం, ఎవరు పాడారు, ఎవరు రాశారు, వంత ఎవరు, డప్పు ఎవరు అన్నది తెలిసినంత మేరకు ఈరోజే ఒక కాగితం మీద రాసి కాసెట్‌తో పాటు ఉంచండి, నకలు తీయించి దగ్గరలోని గ్రంథాలయానికో కళాశాలకో ఇవ్వండి.